జీడిపిక్కల బిల్లు న్యూయార్కు మీదుగా ఎందుకు వెళుతుంది?

పలాస నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. వాళ్ల నాన్నగారికి జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఐవరీ కోస్ట్, బెనిన్ దేశాల నుంచి పిక్కలు తెప్పిస్తారు. "కొనేది ఆఫ్రికాలో, అమ్మేది ఇక్కడ. అమెరికాతో మాకు పని లేదు. అయినా చెల్లింపు డాలర్లలోనే ఎందుకు జరుగుతుంది? ఆ డాలరును పట్టుకుని అమెరికా వేరే దేశాలను ఎలా లొంగదీస్తోంది? మన దేశం రూపాయితో ఆ పని చేయలేదా?" అని అడిగారు. గ్రూప్-1కు చదువుతున్నానని కూడా రాశారు.

నేను బ్యాంకులో విదేశీ మారక విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. పలాస పిక్కలు, గరివిడి వైపు నుంచి వచ్చే ఫెర్రో అల్లాయ్స్, ఇలా శ్రీకాకుళం, విజయనగరం, మన రెండు జిల్లాల సరుకుల కాగితాలతోనే నా ఉద్యోగం చాలావరకు గడిచింది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. ఓపికగా చదవండి.

అమ్మా, ఒక దేశపు ఆర్థిక బలాన్ని దాని ఖజానాలో ఎంత డబ్బుందో చూసి కొలవకండి. ఇతరులు దాని దగ్గరికి రాకుండా తమ పని తాము చేసుకోగలరా అని చూడండి. డబ్బు చాలా దేశాల దగ్గర ఉంది. తప్పించుకోలేని దారి మాత్రం ఒకరిద్దరి చేతిలోనే ఉంది. విదేశాంగ విధానంలో పనిచేసేది ఆ దారి.

ముందు మీ బిల్లు సంగతే చూద్దాం. మీ నాన్నగారు బెనిన్‌లో కొటొనూ వ్యాపారికి లక్ష డాలర్లు చెల్లించాలనుకోండి. కాశీబుగ్గలోని శాఖ ఆయన ఖాతా నుంచి రూపాయలు తీసుకుంటుంది. ఆ శాఖలో డాలర్లు ఉండవు. ముంబైలోని ట్రెజరీలో కూడా కట్టలుగా పేర్చి ఉండవు. ఆ బ్యాంకుకు న్యూయార్కులోని ఒక పెద్ద బ్యాంకులో ఖాతా ఉంటుంది. దాన్ని మేము నోస్ట్రో ఖాతా అంటాం. కొటొనూ వ్యాపారి బ్యాంకుకు కూడా డాలర్ల కోసం అలాంటి ఖాతానే ఉంటుంది. ఫలానా ఖాతా నుంచి ఫలానా ఖాతాకు ఇంత మార్చండి అని, బ్యాంకుల సందేశాలు చేరవేసే స్విఫ్ట్ ద్వారా కబురు వెళుతుంది. ఒక ఖాతాలో లక్ష తగ్గుతుంది, ఇంకో ఖాతాలో లక్ష పెరుగుతుంది. ఒక్క డాలరు కూడా పలాసకు రాలేదు, కొటొనూకు పోలేదు. జరిగినదంతా న్యూయార్కు లెడ్జర్లలోనే జరిగింది. అక్కడి పెద్ద బ్యాంకులు నడుపుకునే చిప్స్ అనే క్లియరింగ్ వ్యవస్థ ఒక్కటే రోజుకు లక్ష కోట్ల డాలర్లకు మించిన చెల్లింపులను సర్దుబాటు చేస్తుంది.

శ్రీకాకుళం నుంచి నరసన్నపేటకు హైవే మీద వెళ్లే లారీ మడపాం టోల్‌గేటు దాటాలి. లారీలో సరుకు ఎవరిదో, ఎటు పోతోందో గేటు దగ్గర ఉన్న మనిషికి అనవసరం. అయినా అతను గేటు దించితే లారీ ఆగిపోతుంది. డాలరు చెల్లింపుల విషయంలో అమెరికాకు ఉన్న స్థానం అది. పక్కన ఊళ్ల మీదుగా పోయే దారులు లేకపోలేదు. అవి ఇరుకు, ఆలస్యం, ఖర్చు ఎక్కువ.

స్విఫ్ట్ గురించి పత్రికల్లో తరచూ తప్పుగా రాస్తారు కాబట్టి ఒక మాట చెప్పాలి. 1973లో బెల్జియంలో ఏర్పడిన ఈ సంస్థ డబ్బును పంపదు, నిల్వ చేయదు. బ్యాంకుల మధ్య సందేశాలను మాత్రమే చేరవేస్తుంది. 2012లో ఇరాన్ బ్యాంకులను అందులోంచి తప్పించినప్పుడు ఆ దేశపు డబ్బును ఎవరూ అక్కడ పట్టుకోలేదు. వారి సందేశాలు ఇతర బ్యాంకులకు చేరకుండా పోయాయి, అంతే. సందేశం లేకపోతే వ్యాపారం నడవదు కాబట్టి దెబ్బ మాత్రం గట్టిగానే తగిలింది.

గేటు దించే అధికారం ఎవరిదంటే, అమెరికా ఆర్థికశాఖలోని ఓఫాక్ అనే విభాగానిది. చైనా కొరియా యుద్ధంలో దిగినప్పుడు, 1950 డిసెంబరులో, చైనా, ఉత్తర కొరియా దేశాల ఆస్తులను స్తంభింపజేయడానికి అది పుట్టింది. ఇప్పుడు వ్యక్తుల, కంపెనీల, ఓడల పేర్లతో ఒక పెద్ద జాబితాను నడుపుతోంది. జాబితాలో పేరున్నవారితో లావాదేవీ చేసిన బ్యాంకు ఏ దేశానిదైనా సరే, డాలర్లు వాడితే అమెరికా చట్టం కిందికి వస్తుంది. ఫ్రాన్సుకు చెందిన బీఎన్‌పీ పారిబా బ్యాంకు సూడాన్, ఇరాన్, క్యూబాల తరఫున ఇలాంటి చెల్లింపులు నడిపిందని తేలినప్పుడు, 2014లో నేరం ఒప్పుకుని దాదాపు 890 కోట్ల డాలర్లు కట్టింది. ఆ లావాదేవీల్లో చాలావాటికి ఫ్రాన్సు చట్టం అడ్డు చెప్పలేదు. అయినా కట్టక తప్పలేదు, ఎందుకంటే న్యూయార్కు ఖాతా పోతే ఆ బ్యాంకు అంతర్జాతీయ బ్యాంకుగా మిగలదు.

ఆ జరిమానా చూసి ప్రపంచంలోని బ్యాంకులన్నీ భయపడ్డాయి. ఆ భయం మన దాకా వచ్చింది. నేను చూసిన ఒక సంగతి చెబుతాను. పలాస వ్యాపారి ఒకరికి పిక్కలు వచ్చాయి. విశాఖ రేవులో కంటైనర్లు దిగాయి. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. అయినా మధ్యలో ఉన్న ఒక విదేశీ బ్యాంకు చెల్లింపును ఆపేసింది. సరుకు తెచ్చిన ఓడ పేరు, ఆంక్షల జాబితాలోని ఇంకో ఓడ పేరు ఒకటే. రెండూ వేర్వేరు ఓడలని, ప్రతి ఓడకూ విడిగా ఉండే ఐఎంఓ నంబర్లు పంపి నిరూపించాం. వాళ్లకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా డెమరేజీ, అంటే రేవులో సరుకు ఆలస్యమైనందుకు కట్టే రుసుము, పెరిగింది, అమ్మినవాడు ఫోన్లు చేస్తూనే ఉన్నాడు, ఫ్యాక్టరీలో పప్పు ఒలిచే ఆడవాళ్లకు పని లేదు. ఆ ఆంక్షలు రాసినవారి ఉద్దేశంలో పలాస ఎక్కడా లేదు. కానీ పెద్ద దేశాలు ఈ ఆయుధం వాడినప్పుడు దాని ఖర్చులో కొంత ఇలాంటి చోట్ల, ఇలాంటి మనుషులు భరిస్తారు. ఇరాన్‌లో రోగులు ఇంతకంటే ఎన్నో రెట్లు భరించారు. మందుల మీద ఆంక్షలు లేవని చట్టంలో స్పష్టంగా ఉంది. అయినా మందుల డబ్బు పంపడానికి బ్యాంకులు ముందుకు రాలేదు. చట్టం ఇచ్చిన మినహాయింపును భయం తినేసింది. పరీక్షలో ఆంక్షల గురించి రాసినప్పుడు ఈ సంగతి వదిలేయకండి.

ఇదంతా అమెరికా కనిపెట్టిన విద్య అనుకోకండి. మన నేల మీదే దీని పాత రూపం ఉంది. 1753లో నిజాం సలాబత్ జంగ్ తన కొలువులో ఉన్న ఫ్రెంచి సేనకు జీతాలు ఇవ్వలేక, వారి ఖర్చు కింద నాలుగు సర్కార్ల, అంటే జిల్లాల్లాంటి ప్రాంతాల, రాబడిని ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు. కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరంతో పాటు చికాకోల్, అంటే మన శ్రీకాకుళం, అందులో ఒకటి. యుద్ధంలో ఎవరూ ఓడకుండానే ఒక విదేశీ కంపెనీ చేతికి ఇంత తీరం వెళ్లింది. ఎందుకంటే నిజాం భద్రత వాళ్ల సేన మీద ఆధారపడి ఉంది, ఆ సేన జీతానికి డబ్బు లేదు. ఆ తర్వాత బుస్సీ విజయనగరం విజయరామరాజుకు చికాకోల్, రాజమహేంద్రవరం సర్కార్లను తక్కువ ఇజారాకు, అంటే గుత్తకు, ఇచ్చి తన వైపు తిప్పుకున్నాడు. 1757 జనవరిలో బొబ్బిలి కోట ముందు ఫ్రెంచి ఫిరంగులు నిలబడడం వెనుక ఈ లెక్కలన్నీ ఉన్నాయి. బొబ్బిలి కథను మనం పౌరుషం కథగా చెప్పుకుంటాం. అది న్యాయమే. కానీ దాని మొదట్లో చెల్లించని జీతాలు ఉన్నాయని కూడా పిల్లలకు చెప్పాలని నేను గట్టిగా అనుకుంటాను.

నాలుగు దశాబ్దాలు గడిచేసరికి ఫ్రెంచివారి స్థానంలో ఇంగ్లీషు కంపెనీ ఉంది. పేష్కష్ (కప్పం) బకాయి పడ్డావని విజయనగరం రాజు చిన విజయరామరాజును పట్టుకుంది. సైన్యాన్ని తగ్గించుకోమంది. భరణం తీసుకుని మచిలీపట్నం వెళ్లిపొమ్మంది. ఆయన వెళ్లలేదు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సేనతో పోరాడి చనిపోయాడు. బాకీ ఉన్నవాడి మీద బాకీ రాబట్టే హక్కును రాజ్యం తీసుకునే హక్కుగా మార్చడం ఎలాగో కంపెనీకి బాగా తెలుసు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పాఠం ఇంగ్లండుకే తగిలింది. 1956లో ఈజిప్టు సూయజ్ కాలువను జాతీయం చేసింది. బ్రిటన్, ఫ్రాన్సు, ఇజ్రాయెల్ కలిసి దాడి చేశాయి. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు అది నచ్చలేదు. అప్పుడు పౌండు విలువ 2.80 డాలర్ల దగ్గర కట్టేసి ఉంది. దాన్ని నిలబెట్టడానికి బ్రిటన్ దగ్గర ఉన్న డాలర్లు వేగంగా కరిగిపోతున్నాయి. ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) నుంచి తీసుకుందామంటే అమెరికా ఒప్పుకోలేదు. సేనలు వెనక్కి తీసుకుంటామన్నాకే డబ్బు వచ్చింది. ఒక మిత్రదేశం మీద, ఒక్క తూటా కాల్చకుండా ఈ పని జరిగింది. మీరు గమనించవలసిన ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఫ్రాన్సు దాడికి ముందే, అక్టోబరులో, ఐఎంఎఫ్ దగ్గర తన ఏర్పాటు తాను చేసుకుంది. అందుకే ఆ ఒత్తిడి దాన్ని అంతగా కుంగదీయలేదు. ఒకే యుద్ధం, ఒకే ఆయుధం. ముందు జాగ్రత్త ఉన్నవాడికి ఒకలా, లేనివాడికి ఒకలా తగిలింది.

మనకు తగిలిన దెబ్బలు మీరు పుస్తకాల్లో చదివే ఉంటారు, క్లుప్తంగా చెబుతాను. కరువు రోజుల్లో, 1965 నుంచి 1967 వరకు, అమెరికా అధ్యక్షుడు జాన్సన్ పీఎల్-480 అనే ఆహార సాయం చట్టం కింద వచ్చే గోధుమలను కొద్దికొద్దిగా విడుదల చేస్తూ మన విధానాలను అదుపులో పెట్టాలని చూశాడు. వియత్నాం యుద్ధాన్ని మనం విమర్శించడం ఆయనకు కోపం తెప్పించింది. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించి డాలరుకు 4.76 నుంచి 7.50కి మార్చాం. 1991లో విదేశీ మారక నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోయేంత మిగిలినప్పుడు 47 టన్నుల బంగారం ఇంగ్లండు తరలించి దాదాపు 40 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకున్నాం. 1998లో పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత ఆంక్షలు వచ్చినప్పుడు మాత్రం కథ వేరుగా నడిచింది. స్టేట్ బ్యాంకు రీసర్జెంట్ ఇండియా బాండ్లు జారీ చేస్తే ప్రవాస భారతీయులు 400 కోట్ల డాలర్లకు పైగా పెట్టారు. ఏడేళ్ల తేడాలో అదే దేశం అంత ధైర్యంగా నిలబడడానికి కారణం, అడగడానికి ఇంకో మనిషి ఉండడం.

ఇప్పుడు మీ పిక్కలు వచ్చే దేశానికి వద్దాం. నా ఉద్దేశంలో ఐవరీ కోస్ట్ కథ ఈ విషయానికి అన్నిటికంటే మంచి పాఠం. మన దగ్గర ఎవరూ దాన్ని చెప్పరు.

ఐవరీ కోస్ట్, బెనిన్ సహా పశ్చిమ ఆఫ్రికాలోని ఎనిమిది దేశాలు సీఎఫ్ఏ ఫ్రాంకు అనే ఉమ్మడి కరెన్సీ వాడతాయి. 1945లో ఫ్రాన్సు పెట్టిన కరెన్సీ ఇది. వాటి ఉమ్మడి కేంద్ర బ్యాంకు సెనెగల్ రాజధాని డకార్‌లో ఉంది. విలువను మొదట ఫ్రెంచి ఫ్రాంకుకు, తర్వాత యూరోకు కట్టారు. ఆ కట్టును నిలబెడతానని ఫ్రాన్సు హామీ ఇచ్చింది. బదులుగా ఈ దేశాలు తమ విదేశీ నిల్వల్లో సగం ఫ్రాన్సు ఖజానాలో ఉంచాల్సి వచ్చేది. ఈ నియమాన్ని మార్చే ఒప్పందం 2019 డిసెంబరులో గానీ రాలేదు. 1994 జనవరిలో ఈ కరెన్సీ విలువను ఒక్కసారిగా సగానికి తగ్గించారు. నిన్నటిదాకా 50 సీఎఫ్ఏకు వచ్చిన ఫ్రెంచి ఫ్రాంకుకు మర్నాడు 100 పెట్టాలి. అక్కడి పట్టణాల్లో దిగుమతి మందులు, బియ్యం కొనుక్కునేవారి పరిస్థితి ఊహించండి.

2010 నవంబరులో అక్కడ అధ్యక్ష ఎన్నికలు జరిగాయి. పదవిలో ఉన్న లోరాన్ బాగ్బో ఓడిపోయాడు, దిగనన్నాడు. గెలిచిన అలసాన్ వతారా ఎవరో తెలుసా? అదే డకార్ కేంద్ర బ్యాంకుకు ఒకప్పటి గవర్నరు, ఐఎంఎఫ్‌లో డిప్యూటీ మేనేజింగ్ డైరెక్టరుగా చేసినవాడు. డిసెంబరులో ప్రాంతీయ మంత్రుల మండలి ఒక నిర్ణయం తీసుకుంది. ఐవరీ కోస్ట్ ప్రభుత్వ ఖాతా మీద సంతకం చేసే హక్కు ఇకమీద వతారా నియమించినవారికే. అయినా బాగ్బోకు డబ్బు అందుతూనే ఉందని తెలిసి, జనవరిలో కేంద్ర బ్యాంకు గవర్నరు చేత రాజీనామా చేయించారు. బాగ్బో తన దేశంలోని ఆ బ్యాంకు శాఖలను బలవంతంగా స్వాధీనం చేసుకున్నాడు. కానీ భవనం దొరికితే ఏమిటి లాభం? క్లియరింగ్ వ్యవస్థ డకార్ నుంచి ఆగిపోయింది. ఫిబ్రవరిలో విదేశీ బ్యాంకులు ఒక్కొక్కటిగా తలుపులు మూశాయి. జీతాలకు డబ్బు లేదు, జనం బ్యాంకుల ముందు బారులు తీరారు.

అయితే అంతటితో బాగ్బో దిగిపోయాడా? దిగలేదు. 2011 ఏప్రిల్ 11న వతారా పక్షం సేనలు, ఫ్రెంచి, ఐక్యరాజ్యసమితి దళాల సాయంతో అతన్ని బంధించేదాకా కథ తేలలేదు. ఈలోగా వేలమంది చనిపోయారు. డబ్బు దారి మూయడం అతన్ని బలహీనుణ్ణి చేసింది, ఒంటరిని చేసింది. మనసు మార్చలేదు. ఆంక్షల గురించి ఎవరు గొప్పగా చెప్పినా, ఎవరు తీసిపారేసినా, నేను ఈ కథను గుర్తు చేస్తాను. ఎదుటివాడికి పదవో ప్రాణమో పోయే విషయమైతే డబ్బు ఒక్కటే అతన్ని కదపలేదు. సూయజ్‌లో బ్రిటన్‌కు పోయేది పరువు మాత్రమే. అందుకే కదిలింది.

రష్యా విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. 2022 ఫిబ్రవరి చివర్లో పాశ్చాత్య దేశాలు రష్యా కేంద్ర బ్యాంకుకు చెందిన సుమారు 30,000 కోట్ల డాలర్ల నిల్వలను స్తంభింపజేశాయి. అందులో పెద్ద భాగం బెల్జియంలో బాండ్లు, షేర్లు భద్రపరిచే యూరోక్లియర్ అనే సంస్థలో ఉంది. రూబుల్ కుప్పకూలింది. వడ్డీ రేటును ఒక్క రోజులో 9.5 నుంచి 20 శాతానికి పెంచారు. కానీ కొన్ని నెలల్లోనే రూబుల్ కోలుకుంది. చమురు, గ్యాసు అమ్మకాలు ఆగలేదు కాబట్టి బయటి డబ్బు వస్తూనే ఉంది. యుద్ధం ఆగలేదు. చమురు ఆగకపోవడంలో మనకూ భాగం ఉంది. యుద్ధానికి ముందు మన చమురు దిగుమతుల్లో రష్యా వాటా రెండు శాతం లోపు ఉండేది. రెండేళ్లలో అది మూడో వంతు దాటింది.

మీ మూడో ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. అంత చమురు కొన్నాం, రూపాయల్లో చెల్లించవచ్చు కదా అని అందరూ అన్నారు. రిజర్వు బ్యాంకు 2022 జూలైలోనే ప్రత్యేక రూపాయి వోస్ట్రో ఖాతాలకు, అంటే విదేశీ బ్యాంకులు మన బ్యాంకుల్లో రూపాయల్లో పెట్టుకునే ఖాతాలకు, అనుమతి ఇచ్చింది. 2023 మేలో గోవా వచ్చిన రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్ అసలు ఇబ్బంది చెప్పాడు. భారత బ్యాంకుల్లో తమకు వందల కోట్ల రూపాయలు పడి ఉన్నాయి, వాటిని ఏం చేసుకోవాలో తెలియడం లేదని. రష్యా మనకు అమ్మేది చాలా, మన దగ్గర కొనేది కొద్ది. మిగిలిన రూపాయలతో చైనాలో యంత్రాలు కొనలేరు, టర్కీలో పండ్లు కొనలేరు. అదే డాలరైతే ఎక్కడైనా చెల్లుతుంది. అందుకే తర్వాత ఎక్కువగా దిర్హమ్‌ల వంటి కరెన్సీల వైపు వెళ్లారు.

దీనికి ముందే ఇరాన్‌తో ఇలాంటి అనుభవం ఉంది. 2010 డిసెంబరులో ఇరాన్ చమురు చెల్లింపులను, ఆసియాలోని కొన్ని దేశాల కేంద్ర బ్యాంకులు తమ బాకీలు సర్దుబాటు చేసుకునే ఆసియా క్లియరింగ్ యూనియన్ దారి నుంచి రిజర్వు బ్యాంకు తప్పించింది. జర్మనీ దారి ప్రయత్నించారు, టర్కీ దారి ప్రయత్నించారు. చివరికి అమెరికాలో శాఖ లేని యూకో బ్యాంకులో రూపాయల ఖాతా తెరిచారు. ఆ రూపాయలతో ఇరాన్ మన బాస్మతి బియ్యం, టీ, మందులు కొనుక్కుంది. కొనడానికి వాళ్లకు పనికొచ్చే సరుకు మన దగ్గర ఉంది కాబట్టి ఆ ఏర్పాటు కొన్నేళ్లు నడిచింది. 2019 మేలో అమెరికా మినహాయింపు ముగిశాక ఇరాన్ చమురునే మానేశాం.

కాబట్టి రూపాయి డాలరులా పనిచేయాలంటే నినాదాలు చాలవు. ఇతరులు రూపాయలు దాచుకోవాలని అనుకోవాలి. అందుకు మన ఫ్యాక్టరీల నుంచి వాళ్లకు కావలసిన సరుకు రావాలి, మన బాండ్ల మార్కెట్టులో వాళ్లు ఎప్పుడంటే అప్పుడు పెట్టుబడి పెట్టి తీసుకోగలగాలి, మన కోర్టుల మీద, మన మాట మీద నమ్మకం ఉండాలి. చైనా మనకంటే పెద్ద ఎగుమతిదారు. 2015లో సిప్స్ పేరుతో తన సొంత చెల్లింపుల వ్యవస్థ పెట్టుకుంది. అయినా దాని యువాన్ డాలరు దగ్గరికి రాలేదు. దేశం లోపలికి, బయటికి డబ్బు స్వేచ్ఛగా కదలనివ్వకపోవడం అందుకు పెద్ద కారణం.

అయితే మన చేతిలో బలం లేదని నేను అనను. శిక్షించే బలం తక్కువ, ఆదుకునే బలం ఉంది. 2022లో శ్రీలంకలో పెట్రోలు లేక, మందులు లేక జనం అల్లాడినప్పుడు మనం ఆ ఏడాది సుమారు 400 కోట్ల డాలర్ల సాయం చేశాం. ఇంధనానికి 50 కోట్ల డాలర్ల రుణం, తిండి గింజలకు, మందులకు 100 కోట్ల డాలర్ల రుణం, 40 కోట్ల డాలర్ల కరెన్సీ మార్పిడి, ఆసియా క్లియరింగ్ యూనియన్ బకాయిల వాయిదాలు అందులో భాగం. ఐఎంఎఫ్ రుణానికి అవసరమైన హామీ పత్రాన్ని 2023 జనవరిలో అందరికంటే ముందు ఇచ్చింది కూడా మనమే. చైనా కంపెనీ 99 ఏళ్ల లీజుకు తీసుకున్న హంబన్‌టోట రేవు ఉన్న దేశంలో ఈ పని చేశాం.

దాంతో శ్రీలంక మన మాట వినిందా? 2022 ఆగస్టులోనే, మన అభ్యంతరం తెలిసీ, చైనా పరిశోధక నౌక యువాన్ వాంగ్-5ను అదే హంబన్‌టోటకు రానిచ్చింది. అప్పుడు చాలామంది మన డబ్బు వృథా అన్నారు. నేను ఒప్పుకోను. 2024 జనవరి నుంచి ఒక ఏడాదిపాటు విదేశీ పరిశోధక నౌకలను రానివ్వబోమని అదే శ్రీలంక ప్రకటించింది. మాల్దీవుల్లోనూ భారత వ్యతిరేక ప్రచారంతో గెలిచిన ప్రభుత్వమే 2024 అక్టోబరులో మన దగ్గర 40 కోట్ల డాలర్లు, 3,000 కోట్ల రూపాయల కరెన్సీ మార్పిడి ఏర్పాటు తీసుకుంది. సాయం చేసిన మర్నాడే విధేయత అడిగితే అది రాదు. పొరుగువాడి అవసరంలో నిలబడితే, తర్వాత నిర్ణయం తీసుకునేటప్పుడు మన కష్టం కూడా అతని లెక్కలోకి వస్తుంది. మన దేశానికి తగిన ఆర్థిక విదేశాంగ నీతి ఇదే అని నా గట్టి నమ్మకం.

అమెరికా ఆయుధం అరుగుతోందా అని కూడా అడుగుతారు. అరుగుతోంది, నెమ్మదిగా. ప్రపంచ కేంద్ర బ్యాంకుల నిల్వల్లో డాలరు వాటా ఈ శతాబ్దం మొదట్లో 70 శాతం పైన ఉండేది, 2024 నాటికి 58 శాతం దగ్గరికి వచ్చింది. 2022 నుంచి మూడేళ్లు వరుసగా కేంద్ర బ్యాంకులు ఏటా 1,000 టన్నులకు మించి బంగారం కొన్నాయి. రష్యా నిల్వలకు ఏమైందో, అంతకు ముందు ఏడాది అఫ్గానిస్థాన్ కేంద్ర బ్యాంకుకు న్యూయార్కులో ఉన్న 700 కోట్ల డాలర్లకు ఏమైందో అందరూ చూశారు. మన రిజర్వు బ్యాంకు కూడా 2023-24లో ఇంగ్లండులో ఉన్న 100 టన్నుల బంగారాన్ని దేశానికి తెచ్చుకుంది. అలాగని రేపే డాలరు పడిపోతుందని చెప్పేవారిని నమ్మకండి. దాని బదులు నిలబడే కరెన్సీ ఇంకా కనిపించలేదు.

రొయ్యల మీద సుంకాన్ని కూడా ఇందులో కలపవచ్చా అని మీరు చివర్లో అడిగారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అందులో సగం రష్యా చమురు కొంటున్నందుకు అని చెప్పింది. మన తీరంలో చెరువులు వేసుకున్న రైతుకు ఇది ఆంక్షలతో సమానంగానే తగిలింది. కానీ జవాబు రాసేటప్పుడు వేరు చేసి రాయండి. సుంకం కొనుగోలుదారుగా తనకున్న బలంతో కొట్టేది, అందులో కొంత అమెరికాలో తినేవాడూ భరిస్తాడు. మనం వేరే మార్కెట్టు వెతుక్కోవచ్చు. చెల్లింపుల దారి మూస్తే వేరే మార్కెట్టుకు అమ్మినా డబ్బు రాదు.

మీ నాన్నగారికి ఒక సలహా. ఎల్‌సీ (అమ్మినవాడికి డబ్బు చెల్లిస్తానని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) తెరిచే ముందే ఓడ పేరుతో పాటు ఏడు అంకెల ఐఎంఓ నంబరు అడిగి తీసుకోమనండి. పేరు మారినా, జెండా మారినా ఆ నంబరు మారదు. అమ్మే కంపెనీ యజమానుల పేర్లు, సరుకు మధ్యలో ఆగే రేవుల పేర్లు కూడా ముందే బ్యాంకుకు రాతపూర్వకంగా ఇస్తే, తర్వాత ఎవరైనా ప్రశ్న వేసినప్పుడు రోజుల కొద్దీ ఆగే పని తప్పుతుంది.

ఇదే నంబరు సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి ఓడల మీద ఉద్యోగాలకు వెళ్లే పిల్లలకు ఇంకా ముఖ్యం. ఆంక్షలు తప్పించుకుని చమురు మోసే పాత ట్యాంకర్లు ఇప్పుడు సముద్రాల మీద చాలా తిరుగుతున్నాయి. పేర్లు మారుస్తారు, జెండాలు మారుస్తారు, ఎక్కువ జీతం ఆశ చూపిస్తారు. ఓడ పేరు జాబితాలోకి ఎక్కిన రోజు యజమాని ఖాతాలు మూతపడతాయి, జీతం ఆగుతుంది, ఓడను ఏ రేవులోనో వదిలేసి యజమాని మాయమైతే కుర్రాడు అక్కడే ఇరుక్కుపోతాడు. మీ బంధువుల్లో ఎవరైనా అలా వెళుతుంటే, ఏజెంటుకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ లైసెన్సు ఉందో లేదో చూడమనండి. ఓడ ఐఎంఓ నంబరు తీసుకుని ఇంటర్నెట్టులో ఓఫాక్, ఐరోపా సమాఖ్య జాబితాల్లో వెతకమనండి. రెండూ ఉచితంగా అందరికీ అందుబాటులో ఉన్నాయి. వెతకడం రాకపోతే ఆ నంబరు నాకు పంపండి, నేను చూసి చెబుతాను.